మా జిన్ను గోడ చీలిన రోజు నుంచి మళ్లీ బాడుగకు ఇచ్చేదాకా: నా అనుభవం

2022 అక్టోబర్ 16, ఆదివారం. వారం రోజులుగా ముసురు. మా గోడౌన్‌లో పత్తి పెట్టుకున్న వ్యాపారి పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, లోపల వెలుతురు పడుతోంది" అన్నాడు. కప్పు రేకు ఏదైనా లేచిందేమో అనుకుని నిచ్చెన తీసుకుని పోయాను. రేకులు బాగానే ఉన్నాయి. వెలుతురు గోడలోంచి వస్తోంది. చూరు కింద రెండు రాళ్ల మధ్య చిటికెన వేలంత సందు, అక్కణ్నుంచి మెట్లు మెట్లుగా కిందికి దిగిన పగులు. నా తల ఎత్తుకు వచ్చేసరికి గీత మాత్రమే మిగిలింది.

ఆదోనిలో ఇప్పుడు గోడౌన్ అంటున్న ఈ కట్టడం మా జేజినాయన కట్టించిన పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ, అంటే పత్తి నుంచి గింజలు వేరుచేసే చోటు. ఇంట్లో, వీధిలో అందరం 'జిన్ను' అనే అంటాం. వాకిలి మీద రాతిలో 1936 అని చెక్కి ఉంది. 120 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల మందం రాతిగోడలు, గానుగ సున్నం. 1998లో యంత్రాలు ఆపేశాం, తర్వాత తూకానికి అమ్మేశాం. అప్పట్నుంచి బాడుగే.

మొదటి తప్పు నాదే. కాబట్టి దాన్ని మొదటే చెప్తాను. తెలిసిన కాంట్రాక్టర్ ఒకాయన వచ్చి చూసి, "పాత గోడలకు ఇవి మామూలే, సిమెంటు పట్టిస్తే అయిపోతుంది" అన్నాడు. 14,000 రూపాయలకు పగులంతా సిమెంటుతో నింపించి, మీద వెల్ల వేయించాను. నవంబర్‌లో చేసిన పని సంక్రాంతి కూడా చూడలేదు. సిమెంటు గట్టిగానే ఉంది, దాని పక్కనే కొత్త పగులు. వ్యాపారి నవంబర్ నెలాఖరుకే సరుకు ఎత్తేశాడు. ఆయన్ను తప్పు పట్టలేను, లోపల పడుకునే కాపలావాడి ప్రాణం కూడా చూసుకోవాలి కదా.

డిసెంబర్‌లో మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. కట్టడం శిథిలమైంది, కూల్చండి, లేదంటే నిలబడుతుందని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర రాయించుకుని రండి అని. గడువు 15 రోజులు. ఆ కాగితం పట్టుకుని ఇంటికి పోతుంటే కాళ్లు ఆడలేదు. నాయనకు అప్పటికి 77 ఏళ్లు. చూపించాలా వద్దా అని రెండు రోజులు జేబులోనే పెట్టుకుని తిరిగాను. మూడో రోజు ఆయనే అడిగాడు, "యాడ పెట్నావు ఆ కాగితం?" వీధిలో అందరికీ తెలిసిపోయింది మరి.

ఆస్తి ఇంకా పంపకం కాలేదు, ఏడుగురి సంతకాలు కావాలి. బెంగళూరులో ఉన్న మా చిన్నాయన కొడుకు ఫోన్‌లో సూటిగా చెప్పాడు: "అన్నా, పడిపోతే మంచిదే అనుకో. ఖాళీ జాగాకే ధర ఎక్కువ." లెక్కకు వాడన్నది నిజమే. నాకు కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు.

2023 జనవరి 8న ఇంజనీరు వచ్చాడు. అనంతపురం ఆయన, రిటైరై సొంతంగా చూసుకుంటున్నాడు. అందరూ వచ్చీ రాగానే పగులు చూస్తారు. ఈయన దాని దగ్గరికే పోలేదు. ముందు కట్టడం చుట్టూ రెండు సార్లు తిరిగాడు. తర్వాత అడిగిన మొదటి మాట, "ఈ కప్పు నీళ్లు యాడికి పోతాయి?" రెండోది, "ఈ బాత్రూం ఎప్పుడు కట్టినారు?"

దక్షిణపు గోడకు ఆనించి, నైరుతి మూలకు 30 అడుగుల దూరంలో ఉంది ఆ బాత్రూం. 2017లో హమాలీల కోసం నేనే కట్టించాను. అప్పట్లో అదొక మంచి పని చేశానని గర్వంగా ఉండేది. దాని గొట్టం గోడ పునాది పక్కనుంచే పోతుంది. ఆయన మూత తీయించి బకెట్ నీళ్లు పోయించాడు. పోసిన నీళ్లు అవతలి కాలువలోకి రావాలి. చెంబెడు కూడా రాలేదు. మిగిలినవి ఎక్కడికి పోయాయో ఎవరూ అడగక్కరలేదు.

ఆ మూల అవతల 12 అడుగుల దూరంలో వేపచెట్టు, దానికి నాకంటే వయసు ఎక్కువ. తూకం గుండు వేలాడదీసి చూస్తే 20 అడుగుల ఎత్తులో గోడ రెండుంపావు అంగుళాలు బయటికి ఒరిగింది. ఇంజనీరు నేల మీద పుల్లతో గీసి చెప్పాడు. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. బాత్రూం దగ్గర తడికి నేల లేస్తోంది, చెట్టు దగ్గర వేర్లు తేమ పీల్చేసరికి కుంగుతోంది. గోడ ఆ రెంటి నడుమ చిరుగుతోంది. పగులు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండటానికి కారణం అదే. "మీ గోడకు జబ్బు లేదు సార్, మీ మట్టికి ఉంది" అన్నాడు.

86 ఏళ్లు లేని జబ్బు ఇప్పుడెందుకు వచ్చింది? పునాది తవ్వి చూస్తే కిందికి నాలుగున్నర అడుగులే ఉంది, అదీ నల్లమట్టి మీదే కూర్చుంది. అయినా ఇన్నాళ్లు నిలబడింది, ఎందుకంటే దాని కింద తేమ ఏడాదంతా దాదాపు ఒకేలా ఉండేది. ఆ తూకాన్ని చెడగొట్టింది నేను.

వెంటనే మరమ్మతు మొదలుపెడతాడనుకున్నాను. ఆయన మాత్రం బాత్రూం మూయించి, నీళ్ల కనెక్షన్ తీయించి, పగులుకు అడ్డంగా నాలుగు చోట్ల సన్నటి గాజు పలకలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, అటూ ఇటూ ఇత్తడి స్క్రూలు బిగించి, "ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూద్దాం" అన్నాడు. ఏడాది! నోటీసుకు జవాబుగా తాత్కాలికంగా ఇనుప ఊతాలు పెట్టించి, గోడ కదలికలు గమనిస్తున్నామని రాసిచ్చాడు. గడువు దొరికింది. ఈ సంగతి చాలామందికి తెలియదు. నోటీసు వచ్చిందంటే కూల్చడం ఒక్కటే దారి కాదు, ఇంజనీరు సంతకంతో ఒక ప్రణాళిక చూపిస్తే వింటారు. మాకైతే విన్నారు.

ఆ గాజు పలకలను ఇంజనీరు టెల్‌టేల్ అన్నాడు, నాయన 'సాక్షి' అన్నాడు. ఆ రోజు నుంచి పై సాక్షి, నడిమి సాక్షి, కింది సాక్షి. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి స్క్రూల మధ్య దూరం కాలిపర్‌తో కొలవడం ఆయన పని. ఒకప్పుడు బేళ్ల లెక్క రాసిన ఎర్ర అట్ట పుస్తకంలో మిగిలిన పేజీలు తీసి, పైన శ్రీ రాసి, తేదీ వేసి, మిల్లీమీటర్లు రాశాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి మూడు సార్లు కొలిచి నడిమిది రాసేవాడు. నేను కొలుస్తానంటే ఒప్పుకోలేదు. "నీకు తొందరెక్కువ" అన్నాడు. నిజమే.

జనవరి 8న పై సాక్షి దగ్గర పగులు 9 మిల్లీమీటర్లు. శివరాత్రి నాడు చూస్తే రెండు గాజు పలకలు పుటుక్కున విరిగి ఉన్నాయి.

మార్చిలో మట్టి పరీక్ష. రెండు బోర్లు, పది మీటర్ల లోతు, 38,000 రూపాయలు. మూడు కాళ్ల స్తంభం నిలబెట్టి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల పైనుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెడతారు. వీధి పిల్లలందరూ చేరి గొంతెత్తి లెక్కపెట్టారు. పది, పదకొండు అడుగుల దగ్గర ఒక్కసారిగా దెబ్బలు పెరిగాయి. గరుసు తగిలింది. నాకు ఆ రోజు మొదటిసారి గుండెల్లో కాస్త ధైర్యం వచ్చింది, కాలు మోపేందుకు కింద గట్టినేల ఉందని.

రిపోర్టుకు 24 రోజులు పట్టింది. ఆగలేక ఒక రోజు కర్నూలు బస్సెక్కి ల్యాబ్‌కే పోయాను. అక్కడ చూసింది మర్చిపోలేను. పది గ్రాముల చొప్పున మా మట్టిని రెండు గాజు గొట్టాల్లో వేశారు. ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో నీళ్లు. 24 గంటల తర్వాత కిరసనాయిలులో మట్టి 11 గీత దగ్గర ఉంది, నీళ్లలో 19 దగ్గర. అంటే 73 శాతం ఉబ్బింది. 50 దాటితేనే చాలా ఎక్కువ అంటారట. కిరసనాయిలుకు పలకని మట్టి నీళ్లు తగలగానే అలా పొంగడం కళ్లారా చూశాక, రాత్రిళ్లు ఎక్కడైనా కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినబడితే లేచి కట్టేసి వచ్చేవాణ్ని. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. మా ఆవిడ నవ్వుతుంది.

2023 అంతా ఎదురుచూపే. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ ఆగస్టు దేశం మొత్తానికే 1901 తర్వాత అంతటి పొడి ఆగస్టు. పొలాల్లో పత్తి ఎండిపోతుంటే మండీలో కూర్చున్న మాకూ పని లేదు. జిన్ను ఆవరణలో నెర్రెలు మోచేయి దూరేంత. మే నెలలో పై సాక్షి 14కి వచ్చింది, నవంబర్‌కు 15. మూల కుంగుతూనే ఉంది. విచిత్రం ఏమిటంటే బాత్రూం మూసి పది నెలలైనా దాని దగ్గర లేచిన నేల దిగలేదు. ఇంజనీరుకు అదొక్కటే అంతుపట్టలేదు. "ఇంత ఎండలో ఆ తడి ఎట్లా నిలబడింది?" అని వచ్చిన ప్రతిసారీ అనేవాడు.

చెట్టు కొట్టేద్దామని నేనే పట్టుబట్టాను. ఆయన వద్దన్నాడు. ఇన్నేళ్లుగా చెట్టు పీల్చి ఎండబెట్టిన మట్టి, చెట్టు పోగానే మళ్లీ తేమ పట్టి ఉబ్బుతుంది, అప్పుడు మూల ఇంకోలా కదులుతుంది అని. పునాది గరుసు దాకా దిగాక కొమ్మలు తగ్గించుకుందాం అన్నాడు. చెట్టు మొదట్లో కుంకుమ పెట్టే మా అవ్వ ఉండి ఉంటే ఆయన కాళ్లు మొక్కేది.

డిసెంబర్‌లో లెక్కలు వేశాం. పూర్తిగా కూల్చి ఇనుప షెడ్డు వేస్తే 45 లక్షలు. సన్న పైళ్లు, అంటే నేలలోకి లోతుగా స్తంభాలు, దింపే కంపెనీ ఒకటి 31 లక్షలు చెప్పింది, పైగా వాళ్ల యంత్రం మా సందులో తిరగదు. ఇంజనీరు చెప్పిన మూడో దారి పాతది, మనుషులు చేత్తో చేసేది: ఉన్న పునాది కింద కొంచెం కొంచెంగా గుంతలు తవ్వి, గరుసు దాకా కాంక్రీటు దించడం. గోడలో దెబ్బతిన్నది మొత్తం 64 అడుగులు: పడమర 26, దక్షిణం 38. నాలుగేసి అడుగుల చొప్పున 16 గుంతలు. బ్యాంకులో ఈ కట్టడం మీద అప్పు పుట్టలేదు. మా ఆవిడ నాలుగు గాజులు, ఒక హారం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. బంగారం మీద నాలుగు లక్షలు వచ్చాయి. ఆమె ఆ రోజు ఒక్క మాట అనలేదు, అందుకే ఎక్కువ బాధగా ఉండింది.

2024 ఫిబ్రవరి 12న పని మొదలైంది. ముందు ఇనుప ఊతాలు గట్టి చేసి, పైన గోడలను లోపలికి పట్టి ఉంచేందుకు టై రాడ్లు బిగించారు. తర్వాత మేస్త్రి గోడ మీద సున్నంతో 1 నుంచి 16 దాకా అంకెలు వేశాడు. ఈ అంకెలే ప్రాణం. వరసగా తవ్వకూడదు. మొదటి విడత 1, 5, 9, 13. అవి నిండి గట్టిపడ్డాకే 3, 7, 11, 15. తర్వాత 2, 6, 10, 14. చివర 4, 8, 12, 16. ఏ సమయంలోనైనా గోడలో ముప్పాతిక భాగానికి కింద ఆధారం ఉండాలి. పక్క వీధి బేల్దారి ఒకడు చూసి "అన్నీ ఒకేసారి తవ్వితే పది రోజుల్లో అయిపోతుంది కదా" అన్నాడు. మా మేస్త్రి వాడితో ఆ రోజంతా మాట్లాడలేదు.

ఒక్కో గుంత పదకొండు అడుగుల లోతు. పలకలు అడ్డం పెట్టుకుంటూ, ఇద్దరు లోపల, ఇద్దరు పైన. మొదటి గుంతలోకి నేనూ దిగాను. తల మీద 88 ఏళ్ల గోడ, దాని అడుగు రాళ్లు కళ్లముందు గాలిలో వేలాడుతున్నట్టు. ఐదు నిమిషాలు కూడా ఉండలేకపోయాను. ఆ కూలీలు అక్కడే కూర్చుని బీడీ కాల్చుకున్నారు.

నన్ను ఆశ్చర్యపరిచింది చివరి మూడంగుళాలు. కాంక్రీటును పాత పునాదికి తగిలేదాకా పోయరు. మూడంగుళాలు ఖాళీ వదిలి, అది బిగిసి ముడుచుకునేదాకా ఆగి, అప్పుడు ఆ సందులో దాదాపు పొడిగా కలిపిన సిమెంటు ఇసుకను కర్రతో, సుత్తితో కొట్టి కొట్టి కూరతారు. పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, చేతికి తడి అంటకూడదు. ఈ కూరడం సరిగ్గా లేకపోతే కిందున్న కాంక్రీటంతా దండగ, గోడ ఆ సందంత దిగాకే దాని మీద కూర్చుంటుంది. ఇంజనీరు ఈ పనికి మాత్రం ప్రతి విడతలో తానే వచ్చాడు. మీరెవరైనా ఇలాంటి పని చేయిస్తుంటే, మిగతా రోజులు ఎక్కడున్నా సరే, ఆ రోజు మాత్రం గుంత దగ్గర ఉండండి.

టీ తాగేటప్పుడు ఆయన ఒక కథ చెప్పాడు. ఇంగ్లండులో వించెస్టర్ అనే ఊళ్లో పెద్ద చర్చి ఇట్లాగే కుంగితే, గుంతల్లో నీళ్లు నిండిపోయేవట. విలియం వాకర్ అనే డైవరు 1906 నుంచి 1911 దాకా ఆ నీళ్ల అడుగున, చీకట్లో, చేతులతో తడుముకుంటూ కాంక్రీటు బస్తాలు పేర్చాడట. మేస్త్రి అంతా విని, "కూలి ఎంతిచ్చినారంట సార్?" అని అడిగాడు.

నెల తిరిగేసరికి రెండు విడతలు అయిపోయాయి. ఏప్రిల్ మొదటి వారానికి మొత్తం అయిపోతుందనుకున్నాం. అప్పుడు ఎన్నికలు వచ్చిపడ్డాయి. మార్చి 16, శనివారం. సరిగ్గా కూలి ఇచ్చే రోజు మధ్యాహ్నం కోడ్ వచ్చింది. 50,000 మించి నగదు ఉంటే లెక్క చూపాలి. బ్యాంకు స్లిప్పు, ఇంజనీరు బిల్లు, కూలీల హాజరు పుస్తకం అన్నీ సంచిలో వేసుకుని తిరిగాను, అయినా చెక్‌పోస్టు కనబడితే దొంగలా ఉండేది. పైగా మనుషులు దొరకలేదు. ఊరేగింపులకు పోతే కూలికి కూలి, భోజనం, ఎండలో గుంత తవ్వే పని లేదు. నేను వాళ్లను ఏమనగలను? మేస్త్రి రంజాన్ ఉపవాసంలో ఉన్నాడు, పొద్దున ఐదింటికి మొదలుపెట్టి పదకొండుకు ఆపేవాడు. ఉగాది, రంజాన్ రెండు రోజుల తేడాతో వచ్చాయి. మూడో విడతలో మూడు గుంతలు నిండడానికే నెల పట్టింది.

ఏప్రిల్ 15న 14వ నంబరు తెరిచారు. బాత్రూం కట్టింది సరిగ్గా దీని మీదే. దానికి అటూ ఇటూ ఉన్న 13, 15 తవ్వినప్పుడే మట్టి సంకటి ముద్దలా వచ్చింది, బయటేమో నెర్రెలు. ఇక్కడ ఐదడుగుల దగ్గర పార దిగబడిపోయింది. మట్టి లేదు. లోపల ఖాళీ, నల్లటి నీళ్లు, కుళ్లిన వాసన. మేస్త్రి పైకి ఎక్కేసి "సమాధేమో చూడన్నా" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. నాయనను కుర్చీతో సహా తెచ్చి కూర్చోబెట్టాం. ఆయన తొంగిచూసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "షాఫ్టు గుంత రా. ఇంజను రూము నుంచి పట్టా ఈడనుంచే లోపలికి పోయేది" అన్నాడు.

పాత జిన్నుల్లో చాలావాటికి ఉండేదట. గోడకు ఇవతల ఇంజను, దాని నుంచి నేల కింద సొరంగంలాంటి గుంతలో పొడుగాటి ఇనుప షాఫ్టు, దానికి పట్టాలు (బెల్టులు), పట్టాలకు జిన్ను యంత్రాలు. కరెంటు మోటార్లు వచ్చాక ఇంజను రూము కొట్టేసి, ఆ సొరంగాన్ని రాళ్లు, చెత్త పత్తి, గింజల పొట్టు పోసి పూడ్చేశారు. నాయనకు అప్పుడు ఇరవై ఏళ్లు. యాభై ఏళ్ల తర్వాత నేను దాని నెత్తిన బాత్రూం కట్టాను. ఐదేళ్లపాటు నీళ్లు ఆ చెత్తలోకి దిగి, గోడ కింద అటూ ఇటూ పాకాయి. ఇంజనీరుకు అంతుపట్టని తడి అదే. ఏడాది నుంచి ఎంతమంది వచ్చి ఎన్ని అడిగారు, నాయనకు అది గుర్తు రాలేదు. ఆయనను ఎవరమూ అడగలేదు కూడా. "ఇక్కడ ముందు ఏముండేది?" అనే ఒక్క ప్రశ్న.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. "నాకు తెలిసే ఉండింది కదరా" అని రెండు మూడు సార్లు అన్నాడు. బాత్రూం కట్టింది నేను, బాధపడింది ఆయన.

నీళ్లు మోటారుతో తోడి, పూడిక అంతా ఎత్తి, గోడకు రెండు వైపులా ఆరేసి అడుగులు లోపలికి కాంక్రీటుతో మూసేశాం. 12 రోజులు, 64,000 రూపాయలు ఎక్కువ. పోలింగ్ మే 13న అయ్యాక 15 నుంచి చివరి విడత. మే 29న 16వ గుంత కూరడం పూర్తయింది. ఆ తర్వాత బయట గోడ వెంబడి ఆరడుగుల వెడల్పు నల్లమట్టి తీసేసి గరుసు నింపి, మీద కడప బండలు వాలుగా పరిచి, కప్పు నీళ్లను దూరంగా కాలువలోకి తిప్పాం. దీనికి 1,75,000 అయింది. అంతా చూసి ఇంజనీరు అన్నది ఇదే: "ఈ పని మీరు ముందే చేసి ఉంటే, నా అవసరం ఉండేది కాదు."

ఇక వాన కోసం చూశాం. 2023 అంతా వాన రాలేదని ఏడ్చిన వాళ్లం, 2024 జూన్‌లో మబ్బు పడితే భయపడ్డాం. మొదటి పెద్ద వాన రాత్రి టార్చి తీసుకుని పోయాను. తలుపు దగ్గర చూస్తే నాయన అప్పటికే గొడుగుతో ఉన్నాడు. 79 ఏళ్ల మనిషి, బురదలో ఎలా వచ్చాడో. ఇద్దరం కొలిచాం. 16.2. మర్నాడు 16.2. ఆగస్టులో 16.2, అక్టోబర్‌లో 16.3. డిసెంబర్ దాకా అంతే. కొత్త గాజు పలకలు నాలుగూ చెక్కుచెదరలేదు.

2025 జనవరిలోగానీ పగులు పూడ్చనివ్వలేదు. ఈసారి సిమెంటు ముట్టుకోలేదు. సున్నం మూడు వారాలు నానబెట్టి, ఇసుకతో గానుగ ఆడించి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలిపారు. పగులుకు అటూ ఇటూ రాళ్లు ఊడదీసి, రెండు వైపులనూ పట్టి ఉంచేలా పొడుగు రాళ్లు అడ్డంగా పేర్చుకుంటూ పోయారు. ఈ పని తెలిసినవాళ్లు మా దగ్గర ఇద్దరే దొరికారు, ఇద్దరూ అరవై దాటినవాళ్లే. రోజుకు రెండు మూడడుగుల కంటే ఎక్కువ సాగదు. నేను 2022లో వేయించిన సిమెంటు తీయడానికే నాలుగు రోజులు పట్టింది, దానికి ఇచ్చిన కూలి వేయించిన దానికంటే ఎక్కువ. రాతి పని మొత్తం 2,10,000.

అడిగేవాళ్ల కోసం లెక్క: గుంతలు ఒక్కోటి సుమారు 27,000 చొప్పున 4,32,000. ఊతాలు, టై రాడ్లు 92,000. ఇంజనీరుకు 1,20,000, రాకపోకలతో కలిపి. కప్పు మరమ్మతు 85,000. పైన చెప్పినవన్నీ కలిపితే 12,16,000. మొదటి సిమెంటు 14,000 ఇందులో వేయలేదు, సిగ్గుతో. 27 నెలల బాడుగ, నెలకు 18,000, అది వేరే. చిన్నాయన కొడుకు తన వాటా లక్షన్నర మార్చిలో పంపాడు, ఫోన్ చేయకుండానే. గాజులు రెండు విడిపించాను, రెండు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

పోయిన నెలాఖరులో కొత్తగా ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. అంతా తిరిగి చూసి, గోడ తట్టి, ధర కూడా ఒప్పుకున్నాడు. అడ్వాన్సు లెక్కపెడుతూ, "అన్నా, అంతా బాగుంది గానీ హమాలీలకు ఈ గోడ పక్కనే ఒక బాత్రూం కట్టించాలి" అన్నాడు.

నేను నాయన వైపు చూశాను. ఆయన ఏమీ అనకుండా లేచి, టేపు తెమ్మని, గోడ మొదట్లో ఒక కొస నన్ను పట్టుకోమని, తానే ఇంకో కొస పట్టుకుని ఆవరణకు అడ్డంగా నడిచాడు. కాంపౌండ్ గోడ దాకా పోయి అక్కడ కాలితో మట్టిలో ఒక గీత గీశాడు.

"ఈడ కట్టుకోమను" అన్నాడు.